దిగుబడి మారే లెక్కలకు సూత్రం రాయడం ఎలా: నిమ్మతోట నుంచి రొయ్యల గుంట దాకా

‘ఒక తోటలో 100 నిమ్మచెట్లున్నాయి. చెట్టుకు ఏడాదికి సగటున 60 కిలోల కాయ దిగుతోంది. అదనంగా నాటే ఒక్కో చెట్టుకూ, తోటలోని ప్రతి చెట్టు కాపూ అర కిలో చొప్పున తగ్గుతుంది. మొత్తం దిగుబడి అన్నిటికన్నా ఎక్కువ రావాలంటే ఇంకా ఎన్ని చెట్లు నాటాలి?’

పదో తరగతి పిల్లల్లో చాలామంది ఈ లెక్క దగ్గర ఆగిపోతారు. వర్గ సమీకరణం ఇచ్చి సాధించమంటే గబగబా సాధించేస్తారు. మాటల్లో ఉన్నదాన్ని సూత్రంగా రాయమంటే మాత్రం పెన్ను కదలదు. నెల్లూరు జిల్లా పొదలకూరు పక్క నిమ్మతోటల్లో తిరిగి పెరిగిన పిల్లలకూ ఇదే ఇబ్బంది, నాకు బాధ కలిగించేది కూడా అదే. చెట్లు మరీ దగ్గరగా వేస్తే నీడ పడుతుందని, వేర్లు ఒకే నీటికి, ఒకే ఎరువుకు పోటీ పడతాయని, కాపు పలచబడుతుందని వాళ్ల ఇళ్లలో రోజూ అనుకునే మాటే. ఆ తెలిసిన సంగతిని కాగితం మీదికి ఎక్కించే దారి ఒకటి ఉంది. పిల్లలకు చెప్పే పెద్దవాళ్లు కూడా పక్కన కాగితం పెట్టుకుని చదివితే మంచిది.

మొదట రెండు రాశులు విడదీయండి

దిగుబడి లెక్క ఏదైనా రెండు ప్రశ్నల మీద నిలబడుతుంది. ఎన్ని ఉన్నాయి? ఒక్కోదానికి ఎంత వస్తుంది? ఈ రెంటినీ గుణిస్తే మొత్తం.

తోటలో అయితే చెట్ల సంఖ్య × చెట్టుకు కిలోలు. వరి మడిలో ఎకరాలు × ఎకరాకు పుట్లు (పుట్టి ధాన్యం కొలత). రొయ్యల గుంటలో రొయ్యల సంఖ్య × ఒక్కో రొయ్య బరువు. మార్కెట్‌కు వెళ్తే కిలోలు × కిలో ధర. లెక్క చదవగానే ఈ రెండు ప్రశ్నలనూ కాగితం మీద ఎడమా కుడీ రాసుకుని, వాటి కింద ఈరోజు ఉన్న విలువలు వేయండి. మన తోటకు ఎడమవైపు 100 చెట్లు, కుడివైపు చెట్టుకు 60 కిలోలు. ఇప్పటి మొత్తం 6000 కిలోలు.

ఏది మారుతోందో దానికి పేరు పెట్టండి

మారేది ‘అదనంగా నాటే చెట్లు’. దానికి ఒక అక్షరం కావాలి. ఇక్కడ నేను ‘చ’ వాడతాను, మీరు మీ పాఠ్యపుస్తకంలోని అక్షరమే పెట్టుకోండి. అక్షరం ఏదైనా దాని అర్థం మాత్రం పూర్తి వాక్యంగా రాయాలి: చ = అదనంగా నాటిన చెట్ల సంఖ్య. ‘చ = చెట్లు’ అని పొట్టిగా రాస్తే, మూడు వరుసలు దాటాక అది మొత్తం చెట్లో కొత్త చెట్లో మీకే తెలియకుండా పోతుంది.

మొత్తం చెట్ల సంఖ్యనే అక్షరంగా తీసుకోకూడదా అని అడిగే పిల్లలుంటారు. తీసుకోవచ్చు. మొత్తం చెట్లు ‘మ’ అనుకుంటే కొత్త చెట్లు మ − 100 అవుతాయి, తగ్గుదల 0.5(మ − 100) అవుతుంది, చెట్టుకు కాపు 60 − 0.5(మ − 100), అంటే 110 − 0.5మ. సూత్రం మ(110 − 0.5మ). జవాబు సరిగ్గానే వస్తుంది. కానీ మార్పునే అక్షరంగా తీసుకుంటే ఒక సౌకర్యం ఉంది. చ బదులు సున్నా వేయగానే ఈరోజు ఉన్న తోట తిరిగి రావాలి. రాకపోతే సూత్రంలో ఎక్కడో తేడా ఉందని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

గుణించకుండా మూడు నాలుగు వరుసలు రాయండి

ఈ పద్ధతికి గుండెకాయ ఇదే. తొందరపడి సూత్రం రాయకుండా మామూలు అంకెలతో మొదలుపెట్టండి. ఒక్క నియమం: గుణకారం చేయొద్దు, కూడిక చేయొద్దు, ఎలా వచ్చిందో అలాగే వదిలేయండి.

కొత్త చెట్లు లేవు: (100 + 0) × (60 − 0.5 × 0)
ఒక చెట్టు: (100 + 1) × (60 − 0.5 × 1)
రెండు చెట్లు: (100 + 2) × (60 − 0.5 × 2)
మూడు చెట్లు: (100 + 3) × (60 − 0.5 × 3)

ఇప్పుడు పై నుంచి కిందికి చూడండి. 100 మారడం లేదు, 60 మారడం లేదు, 0.5 కూడా మారడం లేదు. ప్రతి వరుసలోనూ రెండు చోట్ల ఒకే అంకె మారుతోంది: 0, 1, 2, 3. ఆ రెండు చోట్లా చ రాస్తే పని అయిపోయింది.

చ చెట్లు: (100 + చ)(60 − 0.5చ)

రెండో వరుసను 101 × 59.5 అనీ, మూడోదాన్ని 102 × 59 అనీ చేసేస్తే ఈ వరస కనపడదు. పిల్లలు తెలివిగా మనసులోనే లెక్కకట్టి తక్కువ రాయాలని చూస్తారు. ఈ ఒక్క చోట ఎక్కువ రాయనివ్వండి.

‘ప్రతి’ అన్న మాట కింద గీత గీయండి

తప్పులు ఎక్కువగా పడేది ఈ మాట దగ్గరే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. తోటలోని ప్రతి చెట్టు కాపూ అర కిలో తగ్గుతుందని లెక్క చెప్పింది. పాత చెట్లకూ తగ్గుతుంది, కొత్త చెట్లకూ తగ్గుతుంది. నోటుపుస్తకాల్లో సాధారణంగా కనిపించే మూడు రాతలు చూడండి.

ఒకటి: 100 + చ × 60 − 0.5చ. కుండలీకరణాలు పెట్టలేదు. చ = 1 వేస్తే 100 + 60 − 0.5, అంటే 159.5 వస్తుంది. 6000 కిలోల తోట ఒక్క చెట్టు నాటగానే 159 కిలోలకు పడిపోదు కదా. ఒక్క పరీక్షతో దొరికిపోయే తప్పు ఇది.

రెండు: 100 × 60 + చ(60 − 0.5చ). దీని అర్థం ఏమిటంటే పాత చెట్ల కాపు చెక్కుచెదరలేదు, కొత్త చెట్లకే తగ్గింది అని. చ = 1 దగ్గర 6059.5 వస్తుంది. అసలు రావలసింది 101 × 59.5 = 6009.5. తేడా సరిగ్గా 50 కిలోలు. ఆ 50 ఎక్కడివి? నూరు పాత చెట్లు తలా అర కిలో పోగొట్టుకున్నవి.

మూడు: (100 + చ) × 60 − 0.5చ. ఇక్కడ ఒక్కో కొత్త చెట్టుకూ తోట మొత్తం మీద అర కిలో తగ్గినట్టు రాశారు. దీనిలోనూ చ = 1 వేస్తే 6059.5 వస్తుంది. రెండో తప్పుకూ మూడో తప్పుకూ ఒకే జవాబు రావడం చూసి, ఇద్దరు పిల్లలు పోల్చుకుని ‘మనిద్దరిదీ ఒకటే, కాబట్టి సరే’ అనుకునే ప్రమాదం ఉంది. చ = 2 వేస్తే రెండోది 6118, మూడోది 6119, నిజమైనది 102 × 59 = 6018. అందుకే పరీక్షకు 0, 1 చాలవు. 2 కూడా వేసి చూడండి, దానితో పాటు సూత్రం లేకుండా నోటిలెక్కతో కట్టిన జవాబును పక్కన పెట్టుకోండి.

విప్పి, ఒక్కో ముక్కకు అర్థం చెప్పండి

(100 + చ)(60 − 0.5చ) = 6000 + 60చ − 50చ − 0.5చ²

ఇక్కడ వెంటనే 10చ అని కలిపేయకుండా ఒక్క నిమిషం ఆ నాలుగు ముక్కలనూ చూడండి. 6000 ఈరోజు వస్తున్నది. 60చ కొత్త చెట్లు తెచ్చిపెట్టేది. 50చ కొత్తవాటి వల్ల పాత నూరు చెట్లు పోగొట్టుకున్నది. 0.5చ² కొత్త చెట్లు తమలో తాము పోగొట్టుకున్నది. వర్గపదం ఎందుకొచ్చిందని అడిగితే పిల్లల దగ్గర జవాబు ఉండదు. ఇలా చూపిస్తే ఉంటుంది: కొత్త చెట్లు చ ఉన్నాయి, ఒక్కోదానికి తగ్గుదల 0.5చ, రెండూ గుణిస్తే చ² రాక తప్పదు.

ఇప్పుడు కలపండి: 6000 + 10చ − 0.5చ².

గరిష్ఠ విలువ కనుక్కోవడానికి నాకు నచ్చిన దారి విప్పకముందు ఉన్న రూపంతోనే సాగుతుంది. మొత్తం దిగుబడి ఎప్పుడు సున్నా అవుతుంది? మొదటి కుండలీకరణం సున్నా అయితే, అంటే చ = −100 అయితే. అప్పుడు తోటలో చెట్లే లేవు. లేదా రెండోది సున్నా అయితే, అంటే చ = 120 అయితే. చెట్లు కిక్కిరిసిపోయి కాయే లేదు. ఈ రెండు సున్నాలకూ సరిగ్గా నడుమ, ఈ సూత్రాన్ని గ్రాఫుగా గీస్తే వచ్చే వంపు (పరావలయం) శిఖరం ఉంటుంది: (−100 + 120) ÷ 2 = 10. పది చెట్లు నాటాలి. అప్పుడు 110 × 55 = 6050 కిలోలు. అటూ ఇటూ సరిచూసుకోండి: 9 నాటితే 109 × 55.5 = 6049.5, 11 నాటితే 111 × 54.5 = 6049.5. రెండు పక్కలా సమానంగా తగ్గింది కాబట్టి శిఖరం పది దగ్గరే ఉంది. 20 చెట్లు నాటితే 120 × 50, మళ్లీ 6000కే వచ్చేస్తాం.

వర్గం పూర్తి చేసే పద్ధతి కావాలంటే 6050 − 0.5(చ − 10)² అని రాయవచ్చు. పరీక్షలో ఏ దారైనా మార్కులు పడతాయి.

జవాబు పక్కన రెండు హద్దులు రాయడం అలవాటు చేసుకోండి. చ పూర్ణ సంఖ్య కావాలి, అర చెట్టు నాటలేం. చ 120 దాటకూడదు, దాటితే కాపు రుణ సంఖ్య అవుతుంది. ఇది ఎకరా తోట అనుకుంటే 110 చెట్లు రావడం తోట పెట్టినవాళ్లకు వింతగా అనిపించదు. ఎటు చూసినా 6 మీటర్ల ఎడంతో నాటితే చెట్టుకు 36 చదరపు మీటర్లు. ఎకరా సుమారు 4047 చదరపు మీటర్లు. భాగిస్తే 112 చెట్లు. పైన ఇచ్చిన 60 కిలోలు, అర కిలో మాత్రం లెక్క కోసం పెట్టుకున్న అంకెలు. నిజమైన తోటలో తగ్గుదల ఇంత తిన్నగా ఉండదు.

‘ప్రతి 5 చెట్లకు 2 కిలోలు’ అని ఇస్తే

చాలా ప్రశ్నల్లో తగ్గుదలను ఇలా గుంపుగా ఇస్తారు. ప్రతి 5 అదనపు చెట్లకూ ఒక్కో చెట్టు కాపు 2 కిలోలు తగ్గుతుంది అన్నారనుకోండి. చ అంటే చెట్లు అనుకోకుండా ‘చ = ఐదేసి చెట్ల విడతలు’ అనుకోండి. ఒక విడతకు 5 చెట్లు పెరుగుతాయి, 2 కిలోలు తగ్గుతాయి.

(100 + 5చ)(60 − 2చ)

సున్నాలు −20, 30. నడుమ 5. అయిదు విడతలు, అంటే 25 చెట్లు. 125 × 50 = 6250 కిలోలు. ఇక్కడ ‘జవాబు 5’ అని రాసి వదిలేసేవాళ్లే ఎక్కువ. చ అర్థం పూర్తి వాక్యంగా రాయమన్నది ఇందుకే. మీరు కనుక్కున్నది విడతలు, ప్రశ్న అడిగింది చెట్లు.

రొయ్యల గుంటలో: కౌంట్‌ను నేరుగా సూత్రంలో పెట్టొద్దు

కోస్తా మండలాల పిల్లలకు తోట కన్నా గుంటే దగ్గర. అక్కడి లెక్కలో ఒక మెలిక ఉంది, బీజగణితం నేర్పడానికి దానికన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

రొయ్య ఎంత పెరిగిందో చూడాలంటే గట్టు మీద నుంచి విసురు వల వేస్తారు. పడినవాటిని కాటా మీద కిలో తూచి ఒక్కొక్కటే లెక్కపెడతారు. కిలోకు 50 వస్తే 50 కౌంట్, 40 వస్తే 40 కౌంట్. రొయ్య పెరిగే కొద్దీ కౌంట్ తగ్గుతుంది. ఒక్కో రొయ్య బరువు గ్రాముల్లో కావాలంటే 1000ని కౌంట్‌తో భాగించాలి. 100 కౌంట్ అంటే 10 గ్రాములు, 50 అంటే 20, 40 అంటే 25, 30 అంటే 33.3.

ఇప్పుడు లెక్క. ‘గుంటలో 1,00,000 రొయ్యలున్నాయి, 50 కౌంట్. ఇంకా కొన్ని వారాలు ఉంచితే ఒక్కో రొయ్య వారానికి 2 గ్రాములు పెరుగుతుంది. వారానికి 1000 రొయ్యలు చనిపోతాయి. కొన్ని వారాల తర్వాత పట్టుబడి ఎన్ని కిలోలు?’

తొందరపడితే కౌంట్‌నే మార్చబోతారు. 20 గ్రాముల రొయ్య వారంలో 22 గ్రాములైంది, కౌంట్ 50 నుంచి 45.5కి వచ్చింది, కాబట్టి వారానికి 4.5 కౌంట్ తగ్గుతుందని పెట్టేస్తారు. అలా పెడితే పదకొండు వారాలు దాటాక కౌంట్ దాదాపు సున్నా అవుతుంది, కిలోకు సున్నా రొయ్యలు. పెరుగుదల సమానంగా ఉన్నది బరువులో, కౌంట్‌లో కాదు. 50 నుంచి 40 కౌంట్‌కు రావడానికి రొయ్య 5 గ్రాములు పెరిగితే చాలు. 40 నుంచి 30కి, అదే పది కౌంట్‌కు, 8 గ్రాములకు పైగా పెరగాలి. గుంట పెట్టినవాళ్లకు ఇది చూపు మీదే తెలుసు.

అందుకే ముందు కౌంట్‌ను బరువుగా మార్చండి. వ = ఇంకా ఉంచిన వారాల సంఖ్య.

ఎన్ని: 1,00,000 − 1000వ
ఒక్కోటి: 20 + 2వ గ్రాములు
మొత్తం కిలోల్లో: (100 − వ)(20 + 2వ)

గ్రాములను కిలోలు చేయడానికి 1000తో భాగించాం, అది మొదటి కుండలీకరణంలోనే కలిసిపోయింది. వ = 0 అయితే 2000 కిలోలు. 1,00,000 ÷ 50 కూడా 2000, సరిపోయింది. వ = 5 అయితే 95 × 30 = 2850 కిలోలు.

ఇక గరిష్ఠం చూద్దాం. సున్నాలు 100, −10. నడుమ 45. నలభై అయిదు వారాలు! ఇంత కాలం గుంటలో ఎవరూ ఉంచరు, రొయ్య కూడా అన్నాళ్లూ వారానికి 2 గ్రాములు పెరగదు. సూత్రంలో తప్పు లేదు. మనం అడిగింది కిలోలు మాత్రమే కాబట్టి అది కిలోలే చెప్పింది. మేత, కరెంటు, కూలీ మనం చెప్పనే లేదు. చెప్పి చూడండి. కిలో ధర 300 రూపాయలు, అది మారదనుకుందాం. వారం ఖర్చు 48,000 రూపాయలు.

300(100 − వ)(20 + 2వ) − 48,000వ
= 6,00,000 + 54,000వ − 600వ² − 48,000వ
= 6,00,000 + 6000వ − 600వ²

ఖర్చు కలిసేసరికి మొదటి రూపం చెదిరిపోయింది, సున్నాలు సులభంగా కనపడవు. అప్పుడు స్థిరపదాన్ని పక్కన పెట్టి, మిగిలిన 6000వ − 600వ² ఎప్పుడు సున్నా అవుతుందో చూడండి. వ = 0, వ = 10. నడుమ 5. అయిదు వారాలు ఉంచి పడితే ఖర్చు పోను 6,15,000 రూపాయలు. సరిచూపు: 2850 × 300 = 8,55,000, దానిలో అయిదు వారాల ఖర్చు 2,40,000 తీసేస్తే 6,15,000. నలభై అయిదు వారాల జవాబు అయిదు వారాలకు దిగింది. ఖర్చును కిలోల్లోంచి తీసేయకూడదు, ముందు కిలోలను రూపాయలుగా మార్చాకే తీయాలి. ప్రమాణం పక్కనే రాసుకునే పిల్లలు ఈ తప్పు చేయరు.

శాతాల్లో మారితే

శాతం వచ్చిందంటే కూడిక తీసివేత మానేసి గుణకారానికి రండి. 10 శాతం పెరిగింది అంటే 1.1తో గుణించు. 10 శాతం తగ్గింది అంటే 0.9తో గుణించు.

నెల్లూరు వరి లెక్క పుట్లలో నడుస్తుంది, పుట్టి అంటే 850 కిలోలు. 5 ఎకరాల్లో ఎకరాకు 4 పుట్లు పండింది, మొత్తం 20 పుట్లు. నీళ్లు చాలక విస్తీర్ణం చ శాతం తగ్గించారు, బాగా చూసుకోవడం వల్ల ఎకరా దిగుబడి అదే చ శాతం పెరిగింది. మొత్తం మారలేదనిపిస్తుంది. రాసి చూడండి:

20(1 − చ/100)(1 + చ/100) = 20(1 − చ²/10,000)

చ ఎంతైనా కుండలీకరణంలో 1 కన్నా తక్కువే మిగులుతుంది. 10 శాతమైతే 19.8 పుట్లు. పోయింది 0.2 పుట్టి, 170 కిలోలు. ముందు పెరిగి తర్వాత తగ్గినా, ముందు తగ్గి తర్వాత పెరిగినా ఫలితం ఇదే, గుణకారంలో వరస మారితే విలువ మారదు కాబట్టి.

శాతాల్లో ఇంకో లెక్క ఇంటికి పనికొచ్చేది. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యానికి తేమ హద్దు 17 శాతం. 22 శాతం తేమ ఉన్న పుట్టి ధాన్యాన్ని 17కి ఆరబెడితే ఎంత తూగుతుంది? ‘5 శాతం పోతుంది, 850లో 42.5, మిగిలేది 807.5’ అని పెద్దవాళ్లు కూడా అనేస్తారు. కానీ ఆరే కొద్దీ మొత్తం బరువే తగ్గుతోంది, శాతం కట్టే ఆధారం మారిపోతోంది. మారనిది గింజలోని పొడి పదార్థం. దాన్ని పట్టుకోండి. మొదట పొడి పదార్థం 850 × 0.78 = 663 కిలోలు. ఆరాక బరువు ‘బ’ అయితే అందులో పొడి పదార్థం 0.83బ. రెండూ సమానం: 0.83బ = 663, బ సుమారు 799 కిలోలు. తగ్గింది 51 కిలోలు. మారుతున్న రాశుల మధ్య మారనిదాన్ని వెతకడం అలవాటైతే ఇలాంటి లెక్కలు రెండు వరుసల్లో తేలిపోతాయి.

వెనక నుంచి ఇస్తే

‘ఈ ఏడు శనగ ఎకరాకు 2 బస్తాలు తగ్గింది. దాంతో కిందటేడు వచ్చినట్టే 60 బస్తాలు రావడానికి 1 ఎకరం ఎక్కువ వేయాల్సి వచ్చింది. కిందటేడు ఎకరాకు ఎన్ని బస్తాలు?’

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో శనగ వేసే ఇళ్లలో ఎవరైనా అడగగల ప్రశ్నే. ఇక్కడ మొత్తం తెలుసు, ఒక్కోదానికి ఎంతో తెలియదు. గుణకారం తిరగేస్తే భాగహారం: ఎకరాలు = మొత్తం ÷ ఎకరా దిగుబడి. ద = కిందటేడు ఎకరా దిగుబడి.

60/(ద − 2) − 60/ద = 1

ఏది ముందు రాయాలో తడబడతారు. ఎకరాలు ఎక్కువ పట్టింది ఈ ఏడు, కాబట్టి ఈ ఏటిదే ముందు. ద(ద − 2)తో గుణిస్తే 120 = ద² − 2ద. అంటే ద² − 2ద − 120 = 0, (ద − 12)(ద + 10) = 0. ద = 12 లేదా −10. ఎకరాకు మైనస్ పది బస్తాలు పండవు, కొట్టేయండి. కిందటేడు 12 బస్తాల చొప్పున 5 ఎకరాలు, ఈ ఏడు 10 చొప్పున 6 ఎకరాలు.

మీరు చేసి చూడండి

ఉలవపాడు పక్క మామిడి తోట. 40 చెట్లు, చెట్టుకు 300 కాయలు. అదనంగా నాటే ఒక్కో చెట్టుకూ ప్రతి చెట్టుకు 5 కాయలు తగ్గుతాయి. సూత్రం (40 + చ)(300 − 5చ), 10 చెట్లు, 12,500 కాయలు రావాలి.

ఈరోజు కోస్తే 20 క్వింటాళ్ల నిమ్మ, కిలో 50 రూపాయలు. వారం ఆగిన కొద్దీ 2 క్వింటాళ్లు పెరుగుతుంది, ధర కిలోకు రెండున్నర రూపాయలు తగ్గుతుంది. క్వింటాళ్లను కిలోలు చేసుకుని మొదలుపెట్టండి: (2000 + 200వ)(50 − 2.5వ). 5 వారాలకు 1,12,500 రూపాయలు.

చివరిది కాస్త ఓపికగా చేయండి. తోటలో 100 చెట్లున్నాయి, కానీ చెట్టుకు 40 కిలోలే దిగుతోంది. అదనపు చెట్టుకు ప్రతి చెట్టు కాపు అర కిలో తగ్గుతుంది, ఒక చెట్టు తీసేస్తే అర కిలో పెరుగుతుంది. ఎన్ని నాటాలి? ఎప్పటిలాగే (100 + చ)(40 − 0.5చ) రాయండి. సున్నాలు −100, 80. నడుమ −10. శనగ లెక్కలో −10ని కొట్టేశాం, ఇక్కడ కొట్టేయకండి. చ అంటే అదనంగా నాటిన చెట్లని మొదట్లోనే రాసుకున్నారు కదా. మైనస్ పది నాటడమంటే పది చెట్లు తీసేయడం. 90 చెట్లు, చెట్టుకు 45 కిలోలు, 4050 కిలోలు. ఇప్పుడు వస్తున్న 4000 కన్నా 50 ఎక్కువ.